ఫోటో మసకగా వస్తే ముందు ఆ ఫోటోనే చూడండి

(మిర్చి రైతులు, గ్రామ వ్యవసాయ సహాయకులు కలిసి కూర్చున్న ఒక సమావేశంలో సెల్‌ఫోన్లు రిపేరు చేసే మిత్రుడొకరు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆయన మాటే.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినపడుతోందా అండీ? సరే.

మీ ఫోన్లు బయటికి తీయండి. తుడవొద్దు, తుడవొద్దు! అదిగో అమ్మా, మీరప్పుడే చెంగు పట్టుకున్నారు. ఆగండి, తుడవడం గురించి కూడా చెప్తాను. ముందు గ్యాలరీ తెరవండి. ఈమధ్య తీసిన వాటిలో క్లారిటీ రాని ఫోటో ఒకటి వెతకండి. దొరికిందా? అందరికీ దొరికే ఉంటుంది, దొరక్కపోతే మీరు ఇక్కడికి రారు కదా.

ఇప్పుడు దాన్ని రెండు వేళ్లతో పెద్దది చేయండి. నేను అడిగేది ఒకటే ప్రశ్న. ఆ ఫోటోలో ఎక్కడైనా, ఏ మూలైనా, స్పష్టంగా ఉన్న చోటు ఉందా? ఆకు మసకగా ఉంది సరే. వెనకాల మట్టి? పక్క మొక్క? దూరంగా ఉన్న కరెంటు స్తంభం? చూడండి, తొందరేం లేదు.

షాపుకొచ్చేవాళ్లందరూ ఒకటే మాట అంటారు: "కెమెరా పోయిందండీ, మార్చెయ్." నేనేమో ఫోన్ తీసుకోకముందే ఫోటో చూపించమంటాను. ఎందుకంటే మసక అనేది ఒక్క జబ్బు కాదు. వెనకాల మట్టి స్పష్టంగా ఉండి ఆకు మసకగా ఉంటే కెమెరా బాగానే పనిచేసింది, తప్పు చోట ఫోకస్ చేసింది, అంతే. ఫోటో మొత్తం ఒకే వైపుకి సాగినట్టుంటే చెయ్యి కదిలింది. మట్టి, కాండం అన్నీ బాగుండి ఒక్క ఆకు మాత్రం సాగినట్టుంటే గాలికి ఆకు ఊగింది. మొత్తం మీద తెల్లటి పొగ పరిచినట్టుండి, బల్బు చుట్టూ గీతలు గీతలుగా వస్తే అద్దం మురికి. ఇవేమీ కాకుండా, అన్ని దూరాల్లో, అన్ని వేళల్లో, ఎంత వెలుతురున్నా మసకే వస్తోందంటే, అప్పుడు నా దగ్గరికి రండి. ఆ చివరి రకం తక్కువ. తక్కువని నేనే చెప్తున్నానంటే నా వ్యాపారానికి నష్టమే, అయినా చెప్తున్నాను.

అద్దం సంగతి తొందరగా ముగిద్దాం. మందు కొట్టిన చేతులు, తలనూనె, చెమట, పొలం దుమ్ము, ఇవన్నీ కెమెరా అద్దం మీదికే చేరతాయి. జేబులోంచి తీసేటప్పుడు మన వేలు సరిగ్గా అక్కడే పడుతుంది మరి. మట్టి రేణువుల్లో ఇసుక ఉంటుంది కాబట్టి పొడి గుడ్డతో బరబరా రుద్దొద్దు. ముందు ఊదండి, తర్వాత కళ్లద్దాల గుడ్డతోనో మెత్తటి నూలు గుడ్డతోనో తుడవండి. ఇప్పుడు తుడుచుకోవచ్చమ్మా! ఇంకోటి, కెమెరా మీద గార్డు అని అతికిస్తారు చూశారా, అరచేతిలో పెట్టి అమ్ముతారు, నేనూ అమ్ముతాను. దాని కింద దుమ్ము చేరినా, చెమ్మ చేరినా ఎంత తుడిచినా పోదు. ఫోటో పొగగా వస్తుంటే ముందు ఆ గార్డు పీకి చూడండి.

ఇక అసలు విషయానికొద్దాం. మీ అందరి బాధ దగ్గరి ఫోటో. అవునా కాదా? వ్యవసాయ అధికారులు తామర పురుగు ఫోటో తీసి పంపమంటారు. మిల్లీమీటరు పురుగు అది. 2021-22 సీజన్లో నల్ల తామర పురుగు వచ్చి మన మిర్చిని ఎంత నాశనం చేసిందో నేను మీకు చెప్పాలా? అప్పుడు నా ఫోన్లోనే ఎన్ని ఫోటోలు వచ్చాయో. పువ్వు విప్పి, లోపల పురుగు చూపిద్దామని ఫోన్ దగ్గరికి, ఇంకా దగ్గరికి, ఇంకా దగ్గరికి తీసుకెళ్తారు. తీసుకెళ్లిన కొద్దీ మసక. ఎందుకు?

మీ చూపుడు వేలు ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. కనపడుతోందా స్పష్టంగా? లేదు. కొంచెం దూరం జరపండి. ఇప్పుడు గీతలు కనపడుతున్నాయి. కెమెరాకీ అంతే. దానికి ఇంతకన్నా దగ్గర చూడలేను అనే హద్దు ఒకటుంటుంది. పాత ఫోన్లలో అది 8, 10 సెంటీమీటర్లు ఉండేది. కొత్త ఖరీదైన ఫోన్లలో సెన్సార్, అంటే లెన్సు వెనకాల వెలుతురుని పట్టే చిప్పు, పెద్దది పెట్టారు కాబట్టి ఆ హద్దు 15 సెంటీమీటర్లు, కొన్నిట్లో 20 దాటింది. అంటే దాదాపు జానెడు. పాతిక వేల ఫోన్లో వచ్చిన పురుగు ఫోటో లక్ష రూపాయల ఫోన్లో రావట్లేదని గొడవపడేవాళ్లున్నారు. వాళ్ల కెమెరాకి ఏమీ కాలేదు. జానెడు వెనక్కి జరిగితే వస్తుంది.

మరి వెనక్కి జరిగితే పురుగు చిన్నగా కనపడుతుంది కదా అంటారు. కనపడనివ్వండి. జానెడు దూరం నుంచి 2ఎక్స్ జూమ్ పెట్టి తీయండి, తర్వాత గ్యాలరీలో పక్కలు కత్తిరించుకోండి. స్పష్టంగా ఉన్న చిన్న పురుగుని పెద్దది చేసుకోవచ్చు, మసకగా ఉన్న పెద్ద పురుగుని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. అలాగని 10ఎక్స్ దాకా లాగొద్దు, అక్కడ చాలా ఫోన్లు ఉన్నదాన్నే సాగదీసి చూపిస్తాయి, అంతే.

కొన్ని ఫోన్లలో మ్యాక్రో అని ఉంటుంది, పువ్వు గుర్తు. అది రెండు రకాలు. ఒకటి, ఖరీదైన ఫోన్లలో ఎక్కువ వెడల్పు చూపించే అల్ట్రావైడ్ కెమెరాకే ఫోకస్ కదిలే ఏర్పాటు పెట్టారు. ఐఫోన్‌లో 2021లో 13 ప్రోతో వచ్చింది, 2 సెంటీమీటర్ల దాకా వెళ్లొచ్చు, అది మంచిదే. రెండోది, తక్కువ ధర ఫోన్లలో వెనకాల నాలుగు కళ్లు చూపించడానికి పెట్టిన 2 మెగాపిక్సెల్ మ్యాక్రో. దానికి ఫోకస్ అసలు కదలదు. సుమారు 4 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే బాగా పడుతుంది. అటు జరిగినా ఇటు జరిగినా మసకే. దానికన్నా మెయిన్ కెమెరాతో తీసి కత్తిరించుకోవడమే మేలని నా లెక్క.

వ్యవసాయ సహాయకులు ఎంతమంది ఉన్నారు ఇక్కడ? చేతులెత్తండి. మీ దగ్గర 10ఎక్స్ భూతద్దం ఉంటుంది కదా. దాన్ని కెమెరా అద్దానికి ఆనించినట్టు పట్టుకోండి, గీతలు పడకుండా. ఇప్పుడు ఆకుకి రెండున్నర సెంటీమీటర్ల దూరంలోకి రండి. పురుగు కాళ్లు కూడా కనపడతాయి. అంత దగ్గర్లో ఫోకస్‌ని నమ్ముకోవద్దు. ఫోన్‌ని మీరే వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ కదుపుతూ, స్క్రీన్ మీద స్పష్టంగా కనపడగానే నొక్కండి. నాలుగైదు తీయండి, ఒకటి వస్తుంది.

ఇక ఆకు మీద ఫోకస్ నిలవకుండా వెనక్కి పోవడం. మిర్చి ఆకు సన్నం. ఫోన్ చూసే చోట ఆకు కాస్త ఉంటుంది, వెనకాల ఎండలో మెరిసే మట్టి బోలెడు ఉంటుంది. దానికి ఏది ముఖ్యమో ఎలా తెలుస్తుంది చెప్పండి? మీరే చెప్పాలి. ఆకు వెనకాల మీ అరచెయ్యి పెట్టండి, లేదా నోట్‌బుక్కు పెట్టండి. వెనకాల చూడ్డానికి ఏమీ లేకపోతే ఆకునే చూస్తుంది. తర్వాత స్క్రీన్ మీద ఆకుని ఒకసారి వేలితో తాకండి. అలాగే వేలు కాసేపు నొక్కి ఉంచితే లాక్ పడుతుంది, తాళం గుర్తో, చిన్న అక్షరాలో వస్తాయి. ఇంక అది అటూ ఇటూ పోదు. ఆకుని చేత్తో పట్టుకోవడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది, గాలికి ఊగదు.

పై ముడతా, కింది ముడతా అన్నది తేలాలన్నా ఇదే పద్ధతి. ఆకు అంచు పైకి తిరిగిందా కిందికి తిరిగిందా అన్నదాన్ని బట్టి తామర పురుగా, నల్లి పురుగా అని చూస్తారు కదా అధికారులు. అది చూపించాలంటే ఆకుని పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, తిరగేసి అడుగు భాగం ఒకటి తీయండి. పైనుంచి తీసిన ఒక్క ఫోటోలో అంచు ఎటు తిరిగిందో ఎవరికీ తెలియదు, ఫోటో ఎంత క్లారిటీగా ఉన్నా సరే.

ఫోకస్ నెమ్మదిగా అవుతోంది, ముందుకీ వెనక్కీ ఊపిరి తీసుకున్నట్టు ఆడుతోంది అంటారు కొందరు. అదేంటో చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి. కెమెరా లోపల లెన్సు చుట్టూ సన్నటి తీగచుట్ట, పక్కన అయస్కాంతం ఉంటాయి. కరెంటు పంపితే లెన్సు మిల్లీమీటరులో కొంత భాగం కదులుతుంది. స్పీకర్లో పొర కదిలే సూత్రమే ఇది. ఎంత కదలాలో ఎలా తెలుస్తుంది? పాత పద్ధతిలో కదిపి చూస్తుంది, స్పష్టత పెరిగిందా? ఇంకొంచెం కదుపుతుంది. తగ్గిందా? అయితే వెనక్కి వస్తుంది. అందుకే ఆ ఊగులాట. కొత్త పద్ధతిలో, సెన్సార్ మీద కొన్ని పిక్సెళ్లు లెన్సు ఎడమ వైపు నుంచి వచ్చిన వెలుతురునీ, కుడి వైపు నుంచి వచ్చిన వెలుతురునీ విడివిడిగా చూస్తాయి. రెంటికీ ఎంత తేడా ఉందో లెక్కగట్టి, ఎటు ఎంత కదలాలో ఒక్కసారే తేల్చేస్తుంది. ఇది 2014లో శాంసంగ్ గెలాక్సీ ఎస్5తో ఫోన్లలోకి వచ్చింది. అదే ఏడు ఎల్‌జీ జీ3లో దూరం కొలవడానికి లేజరు కూడా పెట్టారు.

ఏ పద్ధతైనా రెండు కావాలి, వెలుతురు, గీత. తెల్లగోడ మీద ఫోకస్ పెట్టమంటే దానికి పట్టుకోవడానికేముంది? ఒకే రంగు చీర, కల్లంలో ఎండబోసిన మిర్చి రాశి పొద్దుగూకాక, ఇవన్నీ దానికి కష్టమే. రంగు ఒక్కటే ఉన్నప్పుడు అంచు మీద తాకండి. చీరైతే జరీ మీద, మిర్చి రాశైతే తొడిమలు కనపడే చోట. లేజరు ఉన్న ఫోన్లలో వెనకాల చిన్న నల్లటి చుక్క ఉంటుంది, కొన్ని కవర్లు దాన్ని మూసేస్తాయి. కవరు తీసేసి ఒకసారి చూడండి, అదీ ఒక పరీక్షే.

ఇక చెయ్యి కదలడం. దీనికి సాక్ష్యం ఫోటోలోనే రాసి ఉంటుంది. గ్యాలరీలో ఫోటో తెరిచి పైకి జరపండి, లేదా డీటెయిల్స్ నొక్కండి. 1/1000, 1/30, 1/10 అని అంకె ఒకటి ఉంటుంది. కెమెరా ఎంతసేపు కన్ను తెరిచి ఉంచిందో ఆ అంకె చెప్తుంది. ఎండలో 1/1000 వస్తుంది, ఇంట్లో ట్యూబులైటు కింద 1/30, దీపాలు పెట్టే వేళ పెరట్లో 1/10, 1/15 అలా పడిపోతుంది. లెక్క వేద్దామా? గాలికి ఆకు సెకనుకి 10 సెంటీమీటర్లు ఊగుతుందనుకోండి, అది చిన్న గాలే. 1/15 సెకనులో ఆకు అర సెంటీమీటరు దాటి జరిగిపోతుంది. మన పురుగు ఎంత? మిల్లీమీటరు. ఇంకేం పడుతుంది ఫోటోలో? అదే ఎండలో 1/1000 అయితే ఆకు జరిగేది మిల్లీమీటరులో పదో వంతు. అందుకని సాయంత్రం ఇంటికొచ్చి, తెంపుకొచ్చిన కొమ్మని ట్యూబులైటు కింద పెట్టి తీయకండి. పొలంలో పొద్దున్నే తీయండి. నడినెత్తి ఎండ కూడా వద్దు, ఆకు మెరిసిపోయి మచ్చ కనపడదు. మీ ఒంటి నీడలో ఆకు ఉండేట్టు నిలబడితే చాలు.

రాత్రి తప్పదు అనుకుంటే నైట్ మోడ్ ఉంది. అది ఒక్క ఫోటో తీయదు. వరసగా చాలా ఫోటోలు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చి కలుపుతుంది. మన వాళ్లు ఏం చేస్తారు? బటన్ నొక్కగానే ఫోన్ దించేస్తారు! అది ఇంకా తీస్తూనే ఉంటుంది. స్క్రీన్ మీద గుండ్రం పూర్తయ్యేదాకా కదలొద్దు. మోచేతులు ఒంటికి ఆనించండి, గోడకో బండి సీటుకో ఆనుకోండి. నొక్కేటప్పుడు ఫోన్ ఊగకుండా 2 లేదా 3 సెకన్ల టైమరు పెట్టుకోండి. ట్యూబులైటు కింద ఫోటోలో అడ్డంగా నల్ల చారలు వస్తే భయపడొద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకి 100 సార్లు మిణుకుతుంది, కెమెరా ఆ మిణుకుని పట్టేస్తుంది.

పాస్‌బుక్కు, ఆధార్, మందుల బిల్లు ఫోటోలు తీసేటప్పుడు ఫ్లాష్ వేస్తారు. లామినేషన్ మీద తెల్లటి మచ్చ పడి నంబర్లు పోతాయి. గుమ్మం దగ్గర పగటి వెలుతురులో నేల మీద పెట్టి, ఫ్లాష్ ఆపేసి, నిటారుగా పైనుంచి తీయండి. ఇదంతే, ఇంతకన్నా ఏమీ లేదు.

ఇప్పుడు ఇంకో రకం మసక. మీ ఫోన్లో బ్రహ్మాండంగా ఉంటుంది, అధికారి ఫోన్లో ఏమీ కనపడదు. ఆయన "క్లారిటీగా పంపండి" అంటాడు, మీరు "క్లారిటీగానే పంపాను" అంటారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు! మధ్యలో వాట్సాప్ ఉంది. మామూలుగా పంపితే అది ఫోటోని కుదించేస్తుంది, 4,000 పిక్సెళ్ల పొడవున్న ఫోటో సుమారు 1,600కి వచ్చేస్తుంది. మనుషుల ఫోటోకి ఫరవాలేదు, పురుగు ఫోటోకి అదే చావు. 2023 ఆగస్టు నుంచి ఫోటో పంపేటప్పుడు పైన హెచ్‌డీ అని గుర్తు వస్తోంది, అది నొక్కి పంపండి. ఇంకా మంచిది డాక్యుమెంట్‌గా పంపడం. కింద క్లిప్పు గుర్తు నొక్కి, డాక్యుమెంట్ ఎంచుకుని, ఫోటో పెడితే తీసింది తీసినట్టు వెళ్తుంది. ముందే కత్తిరించి పంపితే ఇంకా మేలు. మొత్తం చెట్టుని కుదించే బదులు పురుగున్న ముక్కనే పంపినట్టవుతుంది. గ్రూపులోంచి తీసి ఇంకో గ్రూపులో పెట్టిన ఫోటో చూసి మాత్రం కెమెరాని తిట్టొద్దు.

సరే, నిజంగా కెమెరా పాడైతే ఎలా తెలుస్తుంది? ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. కెమెరాలో ప్రో అని ఒక మోడ్ చాలా ఫోన్లలో ఉంటుంది. అందులో ఫోకస్‌ని చేత్తో మార్చే గీత ఉంటుంది, ఎమ్ఎఫ్ అని రాసి. ఒక చివర పువ్వు బొమ్మ, ఇంకో చివర కొండ బొమ్మ. దాన్ని అటూ ఇటూ జరుపుతుంటే దగ్గరివీ దూరానివీ మారి మారి స్పష్టం కావాలి. ఎంత జరిపినా బొమ్మలో మార్పు లేదంటే లెన్సు కదలట్లేదు. ఇంకో పరీక్ష, ఫోన్‌ని నేలవైపు వంచి ఒకటి, ఆకాశం వైపు ఎత్తి ఒకటి తీసి చూడండి. ఒక వైపు వంచినప్పుడే ఫోకస్ అవుతుంటే లోపల లెన్సు పట్టు తప్పింది. కెమెరా తెరవగానే బొమ్మ వణుకుతూ, చెవి దగ్గర పెడితే జుయ్‌మని చప్పుడొస్తుంటే అదీ అదే కోవ. ఫోన్ ఊపితే లోపల టకటకమనడం వేరు. వణుకు తగ్గించే ఏర్పాటున్న ఫోన్లలో లెన్సు వదులుగానే ఉంటుంది, ఆ చప్పుడు మామూలే.

ఎందుకు పాడవుతుంది? కింద పడటం ఒకటి. ఇంకోటి మీరు నమ్మరు, బండి. హ్యాండిల్‌కి హోల్డరు బిగించి ఫోన్ పెట్టుకుని తిరుగుతారు కదా. 2021 సెప్టెంబరులో ఆపిల్ కంపెనీయే చెప్పింది, పెద్ద ఇంజిన్ మోటారు సైకిళ్ల అదురుకి ఐఫోన్ కెమెరాలో వణుకు ఆపే భాగం, ఫోకస్ భాగం దెబ్బతినొచ్చు, నేరుగా బిగించొద్దు అని. స్కూటర్లకి కూడా అదురు తగ్గించే హోల్డరు వాడమంది. మరి ట్రాక్టరు సంగతేంటో మీరే ఆలోచించండి. అయస్కాంతం ఉన్న హోల్డర్లు, కవర్లు కెమెరాకి ఆనుకుని ఉన్నా ఫోకస్ తప్పొచ్చు, ఇందాక చెప్పాను కదా లోపల ఉన్నదే అయస్కాంతం అని. కంపెనీ నుంచే తేడా వచ్చిన సందర్భాలూ లేకపోలేదు. 2015లో ఐఫోన్ 6 ప్లస్‌లో కొన్నింటికి ఫోటోలు మసకొస్తున్నాయని ఆపిల్ వెనక కెమెరా ఉచితంగా మార్చింది. కాబట్టి వారంటీ ఉంటే ముందు సర్వీసు సెంటరుకే వెళ్లండి, మా దగ్గరికి కాదు.

రిపేరుకిచ్చే ముందు ఒకటి గుర్తుంచుకోండి. పైన అద్దం పగిలితే అద్దం ఒక్కటే మార్చొచ్చు, కెమెరా మొత్తం మార్చక్కర్లేదు. రెంటి ఖర్చుకీ చాలా తేడా ఉంటుంది, ఏది మారుస్తున్నారో అడగండి. మార్చాక డబ్బులిచ్చే ముందే బయటికొచ్చి దగ్గరిదొకటి, దూరానిదొకటి తీసి చూసుకోండి. ఫ్యాక్టరీ రీసెట్, అంటే ఫోన్లో ఉన్నదంతా చెరిపేయడం, చేస్తే మసక పోతుందని ఎవరైనా అంటే వినొద్దు. మీ పిల్లల ఫోటోలన్నీ పోతాయి, మసక మాత్రం ఉండొచ్చు. ముందు ఆపి ఆన్ చేయండి, వాట్సాప్ కెమెరాతో కూడా తీసి చూడండి. రెంటిలోనూ మసకే అయితే యాప్ తప్పు కాదు.

ఏంటి బాబాయ్? చెమ్మా? ఆ, ఏసీ కారులోంచి దిగగానే వచ్చేది పైన పట్టిన చెమ్మ, రెండు నిమిషాల్లో పోతుంది. అద్దం లోపలి వైపు పడితే మాత్రం నీళ్లు లోపలికి వెళ్లినట్టు. బియ్యంలో పెట్టొద్దు, బియ్యం దుమ్ము రంధ్రాల్లోకి పోవడం తప్ప ఒరిగేదేం లేదు. ఆఫ్ చేసి తీసుకొచ్చేయండి.

అక్కడ అక్క ఏదో అడుగుతున్నారు. వీడియో కాల్లో ఆకు చూపిస్తే మసకగా ఉంటోందా? మీరు ముందు కెమెరాకి చూపిస్తున్నారు కదా అక్కా? అదీ సంగతి. చాలా ఫోన్లలో ముందు కెమెరాకి ఫోకస్ కదలదు, చెయ్యి చాచినంత దూరంలో మన ముఖం బాగా పడేట్టు బిగించి ఉంచుతారు. ఆకుని దాని ముందు పెడితే కనపడదు. కాల్లో ఉండగానే కెమెరా తిప్పే గుర్తు నొక్కి వెనక కెమెరాతో చూపించండి, జానెడు దూరంలో. సిగ్నల్ సరిగ్గా లేనప్పుడు వీడియో ఎటూ ముక్కలు ముక్కలుగానే వస్తుంది, కాల్ పెట్టేసి ఫోటో పంపండి.

ఇంక ఎవరి ఫోన్ వాళ్లు తెచ్చి చూపించండి. కవర్లు, గార్డులు తీసి రండి. మసకొచ్చిన ఫోటో మాత్రం డిలీట్ చేయకండి, నేను చూసేది ముందు దాన్నే.